మీ కార్డు మీద ఆరోగ్యశ్రీ నడుస్తుందా? ఆసుపత్రిలో చేరకముందే తేల్చుకోండి

"మాకు తెల్ల కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ వస్తుందా?" పాఠకులు పదే పదే అడిగేది ఇదే. కొందరు కార్డు ఫొటో కూడా పంపి అడుగుతారు. కార్డు ఒక్కటి చూసి అవునో కాదో చెప్పడం ఎవరి వల్లా కాదు. అసలు అడగాల్సింది ఇలా: "ఈ కార్డులో పేరున్న ఈ మనిషికి, ఈ జబ్బుకి, ఈ ఆసుపత్రిలో నడుస్తుందా?" మనిషి, జబ్బు, ఆసుపత్రి, ఈ మూడూ కుదరాలి. ఒక్కటి తప్పినా బిల్లు మీ చేతికొస్తుంది.

హైదరాబాద్‌లో ఉంటూ తెలంగాణ కార్డు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆంధ్రా కార్డుతో ఇక్కడ ఉంటున్నవాళ్ల సంగతి చివర్లో ఉంది.

పథకం గురించి తెలియాల్సినది తక్కువే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. 2021లో తెలంగాణ కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, దాంతో రెండూ కలిసి నడుస్తున్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి ఉచిత వైద్యం పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఈ 10 లక్షలు కుటుంబం మొత్తానికి, ఏడాదికి. తలా పది లక్షలు కాదు. ఇంట్లో ఒక్కరికే పెద్ద ఆపరేషన్ అయితే మొత్తం ఆ ఒక్కరికే వాడుకోవచ్చు, నలుగురికి నాలుగు చికిత్సలైతే అందులోంచే పోతుంది. ప్రీమియం కట్టక్కర్లేదు. షుగర్, బీపీ, గుండె జబ్బు ముందునుంచే ఉందని కాదనరు. ప్రైవేటు పాలసీల్లో ఉండే రెండేళ్లు, మూడేళ్లు ఆగాలనే షరతు ఇక్కడ లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆహార భద్రత కార్డు (రేషన్ కార్డు, చాలామంది తెల్ల కార్డు అనేది ఇదే) నంబర్. అసలు కార్డు లేకపోతే ప్రింటు తీసుకున్న కాపీ.
- పేషెంట్ ఆధార్, దానికి లింకైన ఫోన్. ఆ ఫోన్ పేషెంట్ దగ్గరో, పక్కనున్న మనిషి దగ్గరో ఉండాలి. ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటే ఓటీపీ కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది.
- ఇంతవరకు చూపించుకున్న చీటీలు, రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు.
- పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు.
- యాక్సిడెంట్ కేసైతే పోలీసు కాగితాలు. ఇవి తర్వాతైనా ఇవ్వచ్చు, కానీ అడుగుతారు.

అన్నిటినీ ఫోన్‌లో ఫొటోలు తీసి, ఇంట్లో ఇద్దరి దగ్గరైనా ఉంచండి. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు బీరువా తాళాలు ఎవరికీ దొరకవు.

1. కార్డు నడుస్తోందో లేదో చూడండి

పౌర సరఫరాల శాఖ ఈపీడీఎస్ వెబ్‌సైట్‌లో "ఎఫ్‌ఎస్‌సీ సెర్చ్" అని ఉంటుంది. కార్డు నంబర్ కొడితే కార్డు వివరాలు, అందులోని పేర్లు వస్తాయి. నంబర్ తెలియకపోతే రేషన్ డీలర్‌ని అడగండి, చెప్తాడు. ఫోన్‌లో చూడటం ఇబ్బందైతే మీసేవకి వెళ్లండి.

ఎన్నో నెలలుగా బియ్యం తీసుకోని కార్డులు, ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూడటం) చేయించని పేర్లు ఉన్నవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి. "మేం రేషన్ బియ్యం తినం, అందుకే వెళ్లలేదు" అనే కుటుంబాలు సిటీలో చాలా ఉన్నాయి. బియ్యం తినకపోయినా వేలిముద్ర మాత్రం వేసి రండి. కార్డు రద్దయిందన్న సంగతి ఆసుపత్రి కౌంటర్ దగ్గర తెలిస్తే, ఆ పూట చేయగలిగింది ఏమీ ఉండదు.

పాత గులాబీ కార్డుకి ఆరోగ్యశ్రీ రాదు. ఆహార భద్రత కార్డుకి, అంత్యోదయ కార్డుకి వస్తుంది.

2. పేషెంట్ పేరు అందులో ఉందా?

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. ఇంటికి కార్డు ఉంటుంది, మంచం మీదున్న మనిషి పేరు అందులో ఉండదు. తరచూ చూసేవి ఇవి:

కొత్తగా పెళ్లయిన కోడలు. పుట్టింటి కార్డులోంచి పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. కాన్పు దగ్గరపడ్డాక గుర్తొస్తుంది. పెళ్లయిన నెలలోపే ఈ పని పెట్టుకోండి. పుట్టింటి కార్డులో పేరు ఇంకా ఉంటే, ఇక్కడ దరఖాస్తు పెట్టేవరకు తొందరపడి తీయించకండి. ఎక్కించే దారి తెలుసుకుని, రెండు పనులూ ఒకేసారి నడిపించండి.

చిన్నపిల్లలు. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ చేయించి వదిలేస్తారు, కార్డులో చేర్చరు. అప్పుడే పుట్టిన బిడ్డకు వైద్యం కావాల్సి వస్తే కార్డులో పేరు లేదని వెనక్కి రాకండి. తల్లిదండ్రుల కార్డు, ఆసుపత్రి ఇచ్చిన జనన పత్రం పట్టుకుని ఆరోగ్యమిత్రతో (ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే మనిషి) మాట్లాడండి.

ఊళ్లో కార్డున్న అమ్మానాన్నలు. వాళ్లు మీ దగ్గర కూకట్‌పల్లిలోనో, ఉప్పల్‌లోనో ఉన్నా పేరు నల్లగొండ కార్డులోనో, కరీంనగర్ కార్డులోనో ఉంటుంది. దీనికి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. రాష్ట్రంలో ఏ జిల్లా కార్డైనా హైదరాబాద్ నెట్‌వర్క్ ఆసుపత్రిలో, అంటే పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది. కార్డు సిటీకి మార్చుకుంటేనే వైద్యం అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇంకొకటి, ఆధార్‌లో పేరు ఒకలా, కార్డులో ఒకలా ఉండటం. ఒక అక్షరం తేడాకి సాధారణంగా ఇబ్బంది రాదు. మనిషి పేరే వేరుగా ఉన్నా, వయసులో పదేళ్ల తేడా ఉన్నా ఆపేస్తారు. తీరిక ఉన్నప్పుడే మీసేవలో సరిచేయించుకోండి.

పేరు చేర్చడానికి మీసేవలో దరఖాస్తు ఇచ్చి, రసీదు నంబర్ దాచుకోండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పేరు ఎక్కినట్టు కాదు. అదే ఈపీడీఎస్ సెర్చ్‌లో కార్డు నంబర్ కొట్టినప్పుడు పేరు కనబడితేనే ఎక్కినట్టు.

3. మీకు ఇంకో పథకం ఉందేమో చూసుకోండి

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు, వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకు ఈహెచ్‌ఎస్ ఉంది. కేంద్ర ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్. జీతం నెలకు 21,000 రూపాయల లోపు ఉండి, కంపెనీ ఈఎస్‌ఐ కోత కోస్తుంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు తెరిచే ఉంది. అక్కడ ఓపీ మందులు కూడా ఇస్తారు, ఆరోగ్యశ్రీలో అది లేదు. జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు నెలనెలా డబ్బు కడుతూ కూడా ఈ సంగతి మర్చిపోతుంటారు.

ఇంట్లో 70 ఏళ్లు దాటినవాళ్లుంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి 14555కి ఫోన్ చేసి కనుక్కోండి. 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టారు, పరిమితి 5 లక్షలు. రేషన్ కార్డు లేని పెద్దవాళ్లకు ఇదొక దారి. మీరు వెళ్లబోయే ఆసుపత్రి ఆ కార్డు తీసుకుంటుందో లేదో మాత్రం ముందే అడగండి.

ఒక హెచ్చరిక. ఆభా కార్డు వేరు, ఇది వేరు. ఆభా అంటే మీ రిపోర్టులు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి ఇచ్చే 14 అంకెల నంబర్. దానితో రూపాయి వైద్యం కూడా రాదు. ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ స్కాన్ చేయించి ఆభా నంబర్ ఇచ్చారు కాబట్టి "కార్డు వచ్చేసింది" అనుకుని ఊరుకున్నవాళ్లు బోలెడంతమంది.

4. మీ జబ్బు జాబితాలో ఉందా?

పథకం జబ్బు పేరుతో నడవదు, చికిత్స పేరుతో నడుస్తుంది. "గుండె జబ్బుకి వస్తుందా" అని అడిగితే సరైన జవాబు రాదు. స్టెంటా, బైపాసా, వాల్వా, పేస్‌మేకరా చెప్పాలి. 2024లో 163 చికిత్సలు కొత్తగా చేర్చాక జాబితాలో మొత్తం 1,835 ఉన్నాయి. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్‌కి కీమో, రేడియేషన్, డయాలసిస్, మెదడు, కిడ్నీ ఆపరేషన్లు, కాలిన గాయాలు, ఎముకలు విరిగిన కేసుల్లాంటి పెద్ద ఖర్చులన్నీ చాలావరకు వస్తాయి.

రానివి ఏమిటంటే, జ్వరానికి డాక్టర్‌కి చూపించుకునే ఫీజు, నెలనెలా షుగర్ మాత్రలు, అందం కోసం చేయించుకునే ఆపరేషన్లు. ఆసుపత్రిలో చేరితేనే పథకం మొదలవుతుంది.

అందుకని డాక్టర్‌తో చీటీ మీద చికిత్స పేరు స్పష్టంగా ఇంగ్లిష్‌లో రాయించుకోండి. అది పట్టుకుని ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేసి అడగండి, లేదా ఏదైనా నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రకి చూపించండి. అక్కడే చేరాలని లేదు, అడగడానికి డబ్బులు తీసుకోరు.

కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉంటాయి. జాబితాలో ఉన్నా ప్రైవేటులో చేయరు. ఈ ఒక్క ముక్క అడగడం మర్చిపోకండి: "ఇది ప్రైవేటులో కూడా నడుస్తుందా, గవర్నమెంటులోనేనా?"

జబ్బేమిటో తేలకముందు అయ్యే టెస్టుల ఖర్చు చాలామందికి గుండెల మీద కుంపటి. స్కీమ్‌లో ఉన్న చికిత్స కోసం వచ్చినవాళ్లను నెట్‌వర్క్ ఆసుపత్రి ఉచితంగానే చూడాలి, కానీ ఓపీలో డబ్బులు అడగడం మామూలైపోయింది. దానికంటే మీ బస్తీ దవాఖానాకి వెళ్లండి. అక్కడ శాంపిల్ తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కి పంపిస్తారు, రక్త పరీక్షలు ఉచితం. రిపోర్టులు చేతిలో ఉంటే పెద్దాసుపత్రిలో సగం పని అయిపోయినట్టే.

5. ఆసుపత్రిని ఎంచుకోవడం

బోర్డు మీద ఆరోగ్యశ్రీ గుర్తు ఉంటే సరిపోదు. ఆసుపత్రికి అనుమతి విభాగాల వారీగా ఇస్తారు. ఒక ఆసుపత్రిలో ఎముకల విభాగానికి ఉండి, గుండె విభాగానికి ఉండకపోవచ్చు. పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రుల జాబితాలో జిల్లా, విభాగం రెండూ ఎంచుకుని వెతకండి.

ఆ తర్వాత ఆసుపత్రికే ఫోన్ చేసి, "మీ దగ్గర ఈ వారం ఆరోగ్యశ్రీ కేసులు తీసుకుంటున్నారా?" అని అడగండి. ఎందుకంటే బకాయిల గొడవతో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు 2025లోనే ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పేరుంటుంది, కౌంటర్ మూసి ఉంటుంది.

నా మాటగా చెప్పాలంటే, క్యాన్సర్ అనుమానం ఉంటే మొదట రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేకి వెళ్లండి. పెద్ద ఆపరేషన్లకు పంజాగుట్ట నిమ్స్, చిన్నపిల్లలకు నిలోఫర్, కంటికి మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రి. గాంధీ, ఉస్మానియా ఎలాగూ ఉన్నాయి. వీటిల్లో రద్దీ ఎక్కువ, ఓపీ కోసం తెల్లారేసరికి లైన్లో ఉండాలి, బెడ్ కోసం ఆగాల్సి రావచ్చు. ఆ ఓపిక లేనప్పుడు ప్రైవేటు నెట్‌వర్క్ వైపు చూడటంలో తప్పు లేదు. కానీ "ప్రైవేటైతేనే వైద్యం" అనే భ్రమతో నెట్‌వర్క్‌లో లేని చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరి అప్పులు చేయకండి.

6. బిల్లింగ్ కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి

నెట్‌వర్క్ ఆసుపత్రి ప్రతిదానిలో ఆరోగ్యమిత్ర ఉంటారు, సాధారణంగా గేటు లోపలికి రాగానే డెస్క్ ఉంటుంది. లోపలికి అడుగుపెట్టగానే "మేం ఆరోగ్యశ్రీ పేషెంట్లం" అని చెప్పండి. మొహమాటపడకండి.

క్యాష్ కింద అడ్మిట్ అయ్యి, "తర్వాత ఆరోగ్యశ్రీలోకి మార్చుకుందాంలే" అనుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. కట్టిన అడ్వాన్సు వెనక్కి రావడం కష్టం. ఆపరేషన్ అయిపోయాక కార్డు చూపిస్తే అసలు ఏమీ రాదు. "ఇప్పటికి కట్టండి, అప్రూవల్ వచ్చాక ఇచ్చేస్తాం" అని కౌంటర్‌లో అంటే ఆరోగ్యమిత్రను పక్కన నిలబెట్టుకుని మాట్లాడండి. వాళ్లు లేకపోతే అక్కడ నిలబడే 104కి ఫోన్ చేయండి. ఫోన్ చేస్తున్నారని తెలిస్తే కౌంటర్‌లో గొంతు మారుతుంది.

7. అప్రూవల్ వచ్చిందో లేదో మీరే అడగండి

ఆరోగ్యమిత్ర మీ వివరాలు ఎక్కించాక, ఆసుపత్రి వాళ్లు రిపోర్టులు జతచేసి ట్రస్ట్‌కి ముందస్తు అనుమతి కోసం పంపుతారు. అక్కడ డాక్టర్లు చూసి సరేనంటేనే చికిత్స స్కీమ్ కింద జరుగుతుంది. మీరు చేయాల్సింది రెండే. కేసు నంబర్ రాసుకోండి. రోజూ దాని స్టేటస్ అడగండి.

"పంపించాం" అంటే అప్రూవ్ అయినట్టు కాదు. ఏదైనా రిపోర్టు తక్కువైతే ట్రస్ట్ వెనక్కి పంపుతుంది. ఆ రిపోర్టు ఏమిటో అడిగి అదే రోజు ఇచ్చేయండి. చాలా కేసులు తిరస్కరణ వల్ల కాదు, ఇలా మధ్యలో ఆగిపోయి ఆలస్యమవుతాయి. నిజంగానే తిరస్కరిస్తే కారణం అడగండి. రిపోర్టులు సరిగ్గా లేవంటే సరైనవి పెట్టి మళ్లీ పంపమనచ్చు. చికిత్స జాబితాలో లేదంటే ఇక వేరే దారి చూసుకోవాల్సిందే.

అత్యవసరమైతే ఈ వరస అంతా పక్కన పెట్టండి. గుండెపోటు, యాక్సిడెంట్ లాంటివాటికి ముందు 108లో దగ్గరి నెట్‌వర్క్ ఆసుపత్రికి చేర్చండి. ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలు ఉంది, కాగితాలు తర్వాత ఇవ్వచ్చు. రోడ్డు ప్రమాదమైతే కార్డు లేనివాళ్లకూ కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకం ఉంది. ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల దాకా. దాని గురించి ఆసుపత్రిలో అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు.

8. డిశ్చార్జ్ రోజు

ప్యాకేజీ అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు. బెడ్, డాక్టర్ల ఫీజు, టెస్టులు, మందులు, భోజనం అందులోనే. డిశ్చార్జ్ అయ్యాక 10 రోజులకు మందులు ఇవ్వాలి. 30 రోజుల్లోపు ఆ చికిత్స వల్ల ఏదైనా తేడా చేస్తే దాన్నీ ఉచితంగా చూడాలి. గుండె, కిడ్నీ వంటి కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు ఫాలోఅప్ మందులు, పరీక్షలు కూడా ఉన్నాయి. మీ చికిత్సకు ఉందా అని డిశ్చార్జ్ రోజునే అడిగి తేదీలు రాయించుకోండి. ఈ ఫాలోఅప్ సంగతి తెలియక బయట మెడికల్ షాపులో నెలనెలా కొనుక్కుంటున్నవాళ్లు చాలామంది.

సంతకం పెట్టేముందు కాగితం మీద ఏ చికిత్స రాశారో, ఎంత మొత్తం రాశారో చదవండి. చదవడం రాకపోతే చదివే మనిషిని పిలిపించుకోండి. చేయనిది రాస్తే మీ 10 లక్షల్లోంచే పోతుంది.

"మంచి స్టెంట్ కావాలంటే ఇంకో ఇరవై వేలు", "ఈ ఇంజెక్షన్ స్కీమ్‌లో లేదు" అని డబ్బులు అడిగితే రసీదు ఇవ్వమనండి. రసీదు అనగానే చాలాసార్లు ఆ ఖర్చు మాయమవుతుంది. ఇచ్చారంటే అదే మీకు సాక్ష్యం. కేసు నంబర్‌తో 104లో ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబర్ తీసుకోండి. జూబ్లీహిల్స్‌లోని ట్రస్ట్ ఆఫీసులో రాతపూర్వకంగా కూడా ఇవ్వచ్చు.

కార్డే లేనివాళ్లు

సిటీలో కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు, గ్రామాల్లో 1.5 లక్షల లోపు ఉంటే ఆహార భద్రత కార్డుకి అర్హులు. భూమి తరి 3.5 ఎకరాలు, మెట్ట 7.5 ఎకరాలు దాటకూడదు. చాలా ఏళ్లు కొత్త కార్డులు ఆగిపోయి, 2025లో మళ్లీ ఇవ్వడం మొదలైంది. అప్పట్లో రాలేదని వదిలేసినవాళ్లు ఇప్పుడు మీసేవలో పెట్టుకోండి. రేషన్ కార్డుతో పనిలేకుండా ఆరోగ్యశ్రీ ఇస్తామన్న మాట 2024లో ప్రభుత్వం నుంచి వచ్చింది. ఆ వార్త నమ్ముకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లకండి, 104లో అడిగి వెళ్లండి.

ఇప్పటికిప్పుడు వైద్యం కావాలి, కార్డు లేదు అంటే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. నిమ్స్ లాంటి చోట చికిత్సకు ముందే ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసే హామీ పత్రం) అడగచ్చు. ప్రైవేటులో చేయించుకుంటే అసలు బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ దాచి, మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించాలి. ఖర్చంతా రాదు, కొంత వస్తుంది. ఆరోగ్యశ్రీలో అయిన చికిత్సకు మళ్లీ ఇందులో అడగకూడదు. జిరాక్సులతో పని జరగదు కాబట్టి ఒరిజినల్ బిల్లులు ఎవరికీ ఇవ్వకండి.

ఆంధ్రా కార్డుతో హైదరాబాద్‌లో ఉంటే

మీకు తెలంగాణ ఆరోగ్యశ్రీ వర్తించదు. మీది ఆ రాష్ట్రం వారి ఎన్టీఆర్ వైద్య సేవ, ఇదివరకటి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. హైదరాబాద్‌లో కొన్ని ఆసుపత్రులు ఆ పథకం కింద కూడా కొన్ని చికిత్సలు చేస్తాయి, 2019 నుంచి ఈ వీలు ఉంది. ఇక్కడి నుంచి 104 కొడితే తెలంగాణ వాళ్లకే వెళ్తుంది కాబట్టి, మీ ఊళ్లో ఉన్నవాళ్లతో అక్కడి 104కి చేయించి, హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రి, ఏ చికిత్సకు అని రెండూ అడిగించండి. అత్యవసరం కాని ఆపరేషనైతే గుంటూరుకో, విజయవాడకో, విశాఖకో వెళ్లి చేయించుకోవడమే సులువు, అక్కడ ఎక్కువ ఆసుపత్రులు దొరుకుతాయి.